స్థూలకాయులగు పిల్లలు – కీళ్ళను నొప్పింపని వ్యాయామము

(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



నిన్నటి నుండి ఈ తరగతిలో మీరు ఇంటి పన్నులను గూర్చియు, మురుగు కాలువలను గూర్చియు, వీధి దీపములను గూర్చియు వినియున్నారు. ఇప్పుడు లావుపాటి పిల్లల మోకాళ్ళను గూర్చి ప్రసంగము గలదని కార్యక్రమ పత్రములో చూచి కొందరు నవ్వుకొనుట మేము గమనించితిమి. "ఇదీ పంచాయతీ పనేనా?" అని వెనుక వరుసలో ఒక పెద్దమనిషి ప్రక్కవారితో అనుట కూడ మా చెవిని బడినది. ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి బదులు చెప్పుటకు ముందు, మేము చేసిన ఒక పొరపాటును మీకు చెప్పవలసియున్నది.

కొంతకాలము క్రిందట ప్రచార కార్యక్రమమునకై మేము ఒక గ్రామమునకు పోయితిమి. ప్రొద్దుట పాఠశాల ఆవరణలో డ్రిల్లు జరుగుచుండెను. పిల్లలందరును మైదానము చుట్టు పరుగు తీయుచుండిరి. వారిలో పండ్రెండేండ్ల బాలుడొకడు అందరికంటె వెనుకబడి, తొడపై చేయి వేసికొని, కుడికాలు కొంచెము ఈడ్చుచు వచ్చుచుండెను. ఆ బాలుని ఎత్తు 150 సెంటీమీటర్లు, బరువు 62 కిలోలు అని తరువాత తెలిసినది. డ్రిల్లు మాస్టరుగారు మాతో "వాడికి బద్ధకం సార్, తిండెక్కువ, కదలిక తక్కువ" అని చెప్పి, ఆలస్యముగా వచ్చినందులకు వానిచేత ఇరువది గుంజిళ్ళు తీయించిరి. ఆ ఉపాధ్యాయుడు చెడ్డవాడు కాడు. పిల్లలపై శ్రద్ధ గలవాడే. మేమును ఏమియు అనలేదు. అంతటితో ఆగక, ఆనాటి సాయంకాలపు సభలో "లావుగా ఉన్న పిల్లలను దినదినము పరుగెత్తింపుడు, కొవ్వు దానంతట అదే కరగును" అని సలహా కూడ ఇచ్చి వచ్చితిమి.

నాలుగు నెలల తరువాత మరల ఆ ఊరికి పోవుట తటస్థించెను. బాలుడు తుంటికి శస్త్రచికిత్స చేయించుకొని మంచముపై నుండెను. వాని నాయనమ్మ మాతో చెప్పిన మాటలు ఇవి: "మోకాలు నొప్పి అన్నాడు బాబూ. మోకాలికే తైలం రాశాం, మోకాలికే పట్టు వేయించాం. నెలన్నర తిరిగాం. జబ్బు తుంటిలో ఉందని మాకెవరు చెప్పారు?" ఆమె మమ్ము నిందింపలేదు. నిందించినను తప్పుండెడిది కాదు. పరుగే ఆ జబ్బును తెచ్చినదని వైద్యుడు చెప్పలేదు. నొప్పి మొదలైన తరువాత నిలుపకుండ నడిపించుట, పరుగెత్తించుట మాత్రము హాని చేసినదని చెప్పెను. నాటి నుండి ఈ విషయమును వైద్యుల వలనను, వ్యాయామ శిక్షకుల వలనను అడిగి తెలిసికొని, పోయిన ప్రతి ఊరిలోను చెప్పుచున్నాము.

ఇక మన పల్లెలలో స్థూలకాయులగు పిల్లలు ఎక్కడ నున్నారని మీరడుగవచ్చును. బక్కచిక్కిన పిల్లలే మనకు కనబడుచున్న మాట నిజము. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము దేశములో అయిదేండ్ల లోపు పిల్లలలో నూటికి 35.5 మంది వయసుకు తగిన ఎత్తు లేనివారు. కాని అదే సర్వేలో అధిక బరువు గల పిల్లలు నూటికి 3.4 మందిగా తేలిరి. అంతకు ముందరి సర్వేలో, అనగా 2015-16లో, ఈ సంఖ్య 2.1గా నుండెను. ప్రపంచమంతట చూచినచో, 5 నుండి 19 ఏండ్ల వయసు వారిలో అధిక బరువు గలవారు 1990లో నూటికి 8 మంది; 2022 నాటికి 20 మంది. ఒకే వీధిలో ఒక ఇంట బిడ్డ ఎండిపోవుచుండగా ప్రక్క ఇంట బిడ్డ ఊబకాయముతో ఆయాసపడుట నేటి స్థితి. ఒక్కొక్కప్పుడు ఈ ఇద్దరును ఒకే ఇంటివారు.

కారణములను గూర్చి ఎక్కువ చెప్పనక్కరలేదు. మీ కండ్ల యెదుటనే యున్నవి. బడికి నడచిపోయిన పిల్లలు ఇప్పుడు ఆటోలోను, బస్సులోను పోవుచున్నారు. సాయంకాలపు ఆట చేతిలోని ఫోనులోనికి పోయినది. కిరాణా కొట్టు గుమ్మమునకు వేలాడు పొట్లములు అయిదు రూపాయలకే దొరకుచున్నవి. వీనికి తోడు "బొద్దుగా ఉంటేనే బిడ్డకు బలం" అను పాత నమ్మకమొకటి. కరవు కాలములో పుట్టిన నమ్మకమది. దానిని ఎగతాళి చేయుట మాకిష్టము లేదు.

ఇప్పుడు మోకాలి సంగతి. మన బాలుని ఎత్తు గల పిల్లవానికి 40 కిలోల ప్రాంతమున బరువుండిన చాలును. వీనికి 62 కిలోలున్నది. అనగా వాడు నిద్ర లేచినది మొదలు పండుకొనువరకు దాదాపు ఒక బియ్యపు సంచిని, 25 కిలోల సంచి కొంచెము తక్కువగా, మోయుచున్నాడన్నమాట. నడచునప్పుడు మోకాలిపై బడు ఒత్తిడి శరీరపు బరువునకు సమానమని మనము తలచుట సహజము. అది నిజము కాదు. కండరములు లాగుబలము కూడ చేరుట వలన, అడుగు వేసిన ప్రతిసారి ఆ ఒత్తిడి శరీరపు బరువునకు రెండు మూడు రెట్లుండును. పరుగులో ఇంకను హెచ్చు. ఎగిరి దుముకుటలో మరింత హెచ్చు. ఒక కిలోమీటరు నడకలో ఆ వయసు బాలుడు 1500కు పైగా అడుగులు వేయును. ఇప్పుడు ఆ బియ్యపు సంచిని రెండింతలో మూడింతలో చేసి, అన్ని అడుగులలో లెక్కవేసికొనుడు. పరుగులో వెనుకబడినది బద్ధకము చేతనా, భారము చేతనా?

పెద్దల కీలునకును పిల్లల కీలునకును ఇంకొక భేదము గలదు. ఎదుగుచున్న పిల్లల పొడుగెముకల చివరలకు దగ్గరగా మెత్తని మృదులాస్థి పలక యొకటి యుండును. ఎముక పొడవు పెరుగుట ఆ పలక వద్దనే జరుగును. ఎదుగుట ముగిసిన పిదప అది గట్టిపడి ఎముకలో కలిసిపోవును. అంతవరకు ఎముకలో అదియే బలహీనమైన చోటు. దానిపై ఏండ్ల తరబడి అధిక భారము పడినచో కొందరిలో మోకాలి క్రింది ఎముక లోపలి ప్రక్క సరిగా ఎదుగక, కాలు విల్లువలె వంగి దొడ్డికాళ్ళగును. కొందరిలో మోకాళ్ళు ఒకదానికొకటి ఒరయును. పాదములు చదునై, కొంచెము నడచిన వెంటనే పిక్కలు పీకును.

వీని అన్నిటికంటె తొందరగా గుర్తింపవలసినది మన బాలునికి వచ్చిన జబ్బు. తొడ ఎముక పైభాగమున గుండ్రని తల యొకటి తుంటి గిన్నెలో అమరియుండును. పదేండ్ల నుండి పదునారేండ్ల లోపల, ముఖ్యముగా లావుపాటి పిల్లలలో, ఎదుగుదల పలక వద్ద ఆ తల పట్టు తప్పును. కుదురు మీది కడవ ఒక ప్రక్కకు ఒరిగినట్లుగును. అప్పుడు బిడ్డ కుంటును. పాదము బయటి వైపునకు తిరిగియుండును. నొప్పి గజ్జలోనో తొడలోనో రావచ్చును. అనేకులలో మోకాలిలోనే వచ్చును. తుంటికిని మోకాలికిని ఒకే నరముల శాఖలు పోవుటయే దీనికి కారణము. అందుచేత తల్లిదండ్రులు మోకాలికి మందు రాయుదురు. ఒక్కొక్కప్పుడు వైద్యులు సైతము మోకాలికే ఎక్సు-రే తీయించి ఏమియు లేదని పంపుదురు.

సభ్యులారా, ఈ ఒక్క మాటను మీరు వ్రాసికొనిపోవలెనని కోరుచున్నాము. ఆ వయసు గల లావుపాటి బాలుడు గాని బాలిక గాని తొడ లేక మోకాలు నొప్పియని చెప్పుచు కుంటినచో, ఆనాడే నడకను ఆపించి, కాలిపై బరువు మోపనీయక, బండిలో ఎక్కించి ఎముకల వైద్యుడున్న ఆసుపత్రికి పంపవలెను. రెండు తుంటులకును ఎక్సు-రే తీయింపుమని అడుగవలెను; ఒక ప్రక్క జారిన వారిలో కొందరికి రెండవ ప్రక్క కూడ జారును. కాలు లాగించుట, తోమించుట, కట్లు కట్టించుట తగదు. సకాలములో గుర్తించినచో మర బిగించి ఎముక తలను నిలుపుదురు. ఆలస్యమైనచో ఆ తలకు రక్తప్రసారము నిలిచి ఎముక చచ్చిపోవు ప్రమాదమున్నది. బిడ్డ జీవితాంతము కుంటవలసిన గతి పట్టవచ్చును. కుంటుచున్న పిల్లను మొదట చూచువారు వైద్యులు కారు. అరుగు మీద కూర్చున్న మనమే.

ఇది విని, లావుపాటి పిల్లలను కదలనీయక ఇంట కూర్చుండబెట్టుట మేలని ఎవరైన తలచినచో అది మొదటి తప్పుకంటె పెద్ద తప్పగును. కీలులో ఎముకల కొనలకు పూసియున్న మృదులాస్థికి రక్తనాళములు లేవు. కీలు మడచి చాచుచున్నప్పుడు అది నొక్కబడి, మరల వదలబడి, చుట్టునున్న ద్రవమును పీల్చుకొని పోషణ పొందును. కదలని కీలు పస్తున్నట్లే. కీలును కాపాడునవి దాని చుట్టునుండు కండరములు. అవి కూడ పనిచేసిననే బలపడును. కాబట్టి ఈ పిల్లలకు కదలిక కావలెను, కుదుపు కూడదు. మేము చెప్పదలచిన వ్యాయామమంతయు ఈ రెండు మాటలలో నున్నది.

కుదుపు లేని కదలికలలో నీటిలోనిది మేలైనది. నడుము లోతు నీటిలో నిలుచున్నచో శరీర భారములో సుమారు సగమే కాళ్ళపై పడును. రొమ్ము లోతు నీటిలో మూడవ వంతు ప్రాంతము. మెడ వరకు మునిగినచో పదవ వంతు మాత్రమే. మైదానములో పది బారలు పరుగెత్తలేని బిడ్డ రొమ్ము లోతు నీటిలో అరగంట అటునిటు నడువగలడు. నీరు అడ్డుపడుట వలన కండరములకు పని కూడ దండిగా నుండును. మన పెద్దలు ఎండిన సొరకాయ బుర్రలు నడుమునకు కట్టుకొని దిగుడు బావులలో ఈత నేర్చిన సంగతి మీలో కొందరికి జ్ఞాపకముండును. ఆ కాలము నాటి బావులు నేడు పూడినవి.

ఐనను, పిల్లలను చెరువులో దింపుడని మేము ఈ వేదికపై నుండి చెప్పజాలము. మట్టి కొరకు తవ్విన గోతులు నేడు అనేక చెరువులలో నీటి అడుగున దాగియున్నవి. మోకాలి లోతున నడచుచున్న పిల్లవాడు ఒక అడుగు ముందుకు వేయగనే మునిగిపోవును. అడుగు గట్టిగా నున్నదని వేసవిలో నీరు లేనప్పుడే చూచి, పిల్లల రొమ్ము లోతు మేరకు వెదురు గడలు పాతి, మోకు కట్టి, ఈత వచ్చిన పెద్దవారు ఇద్దరు ఒడ్డున కనిపెట్టుకొని యుండగా తప్ప నీటిలోనికి పంపరాదు. నీరు పరిశుభ్రముగా నుండవలెననుట చెప్పనక్కరలేదు. ఈ ఏర్పాటు చేయలేని ఊరు నీటి మాటను విడిచిపెట్టుటయే క్షేమము. నేల మీద చేయదగినది చాల గలదు.

సైకిలును చూడుడు. శరీరపు బరువును సీటు మోయును. కాళ్ళు తిరుగుట మాత్రమే చేయును. కీళ్ళకు నేల తాకిడి లేదు. మన పిల్లలకు అది శిక్షగా గాక సరదాగా కూడ నుండును. కాని ఒక జాగ్రత్త. పెడలు అడుగునకు పోయినప్పుడు మోకాలు కొంచెమే వంగియుండునట్లు సీటు ఎత్తు సరిచేయవలెను. సీటు మరీ పల్లముగా నున్నచో మోకాలు ప్రతి చుట్టునకు అతిగా మడతపడి నొప్పి కలుగును. తండ్రి సైకిలుపై కడ్డీ క్రింద నుండి కాలు దూర్చి తొక్కుట ఈ పిల్లలకు తగదు. ఊరిలో మూలబడిన సైకిళ్ళు ఎన్ని యున్నవో మీరు లెక్క తీసినచో ఆశ్చర్యపోవుదురు. గొట్టములు మార్చి, చైనులకు నూనె పెట్టించి, పాఠశాలకు అప్పగించిన గ్రామమొకటి మేమెరుగుదుము. దానికైన ఖర్చు ఆ ఊరి జాతరలో మైకునకైన ఖర్చుకంటె తక్కువ.

నడకను గూర్చి. సిమెంటు రోడ్డుకంటె మట్టి బాట మేలు. చెరువు కట్ట మీదనో, బడి చుట్టునో, గోతులు పూడ్చి, చదును చేసి, అరకిలోమీటరు కొలచి, నూరేసి మీటర్లకు ఒక సున్నపు రాయి పాతింపుడు. మధ్యలో నీడన రెండు బల్లలు వేయింపుడు. ఈ బల్లలే ముఖ్యము. మొదటి వారములో ఆ బిడ్డ పది నిమిషములకంటె ఎక్కువ నడువలేడు. కూర్చుండుటకు చోటున్నదని తెలిసిననే బయలుదేరును. పది నిమిషముల నడక ప్రొద్దుట ఒకసారి, బడిలో ఒకసారి, సాయంకాలము ఒకసారి. వారమునకు రెండు మూడు నిమిషములు పెంచుచు పోవుడు. 5 నుండి 17 ఏండ్ల వారికి దినమునకు సగటున 60 నిమిషముల శ్రమ కావలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పినది. అది చేరవలసిన ఊరు. బయలుదేరు చోటు కాదు. నడచుచు మాటలాడగలిగి, పాట పాడలేనంత ఆయాసమున్నచో శ్రమ సరిపోయినదని గుర్తు.

వారమునకు మూడు దినములు కండరములకు బలమిచ్చు పని కూడ నుండవలెను. దీనికి సామాను అక్కరలేదు. బల్లపై కూర్చుండి చేతులు ఊనక పదిసార్లు లేచి కూర్చుండుట. వెల్లకిల పండుకొని, ఒక కాలు మడచి, రెండవ కాలిని బిగించి జానెడెత్తున లేపి నిలుపుట. ప్రక్కకు ఒరిగి పండుకొని పైకాలిని ఎత్తుట. గోడ పట్టుకొని మునివ్రేళ్ళపై లేచుట. తొడలకు, తుంటికి, పిక్కలకు ఈ నాలుగును చాలును. చేతులకు, రొమ్మునకు బంతి విసరుట, మొక్కలకు నీళ్ళు మోయుట గలవు. ఇక్కడ ఒక సంగతి చెప్పవలెను. బరువు నెత్తుటలో, తోయుటలో, విసరుటలో లావుపాటి పిల్లలు తరచు తోటివారికంటె మిన్నగా నుందురు. పరుగులో ఎల్లప్పుడు చివర నిలిచిన బాలుడు తాడు లాగు పోటీలో జట్టునకు చివర నిలిచి దానికి దిమ్మెవలె నిలబడగలడు. ఆ ఒక్క దినపు గెలుపు వానిని మరునాడు మైదానమునకు తెచ్చును. కీళ్ళ నొప్పి లేనప్పుడే సుమా.

ఆడపిల్లలకు కోలాటము ఉన్నది. ఎగురుళ్ళు లేకుండ, నెమ్మది తాళముతో, అడుగు మార్చుచు గుండ్రముగా తిరుగు కోలాటము మంచి వ్యాయామము. మగపిల్లలు వేసినను తప్పు లేదు. చెక్కభజన మనకు కొత్త కాదు గదా.

మానిపింపవలసినవి కూడ చెప్పెదము. మొదటి మాసములలో కప్పగంతులు, ఒంటికాలి తొక్కుడుబిళ్ళ, కోతికొమ్మచ్చి, ఖో-ఖో, ఎత్తు దుముకుట ఈ పిల్లలకు వలదు. ఖో-ఖోలో గొంతుకూర్చుని ఒక్కసారిగా లేచి మలుపు తిరుగుట మోకాలికి కష్టము. బలము చిక్కి బరువు నిలకడపడిన తరువాత ఆ ఆటలన్నియు ఆడవచ్చును. గుంజిళ్ళు మాత్రము శిక్షగా ఎవరిచేతను, ఎన్నడును తీయింపరాదు. శిక్షయైన వ్యాయామమును ఏ బిడ్డ ప్రేమించును?

కొన్ని చిన్న సంగతులు గలవు. చిన్నవే గాని వీనివలననే పిల్లలు మానివేయుదురు. లావుపాటి బిడ్డకు నడకలో తొడలు ఒరసి పుండ్లు పడును. సిగ్గుచేత ఎవరికిని చెప్పడు. మోకాళ్ళ వరకు వచ్చు నూలు లాగు తొడిగించినచో ఆ బాధ తీరును. రబ్బరు చెప్పులతో నడక కంటె మడమ పట్టుగల బూట్లో, పట్టీ చెప్పులో మేలు. ఇట్టి పిల్లలకు ఎండ త్వరగా తగులును. కనుక ప్రొద్దుటను, సాయంకాలమును మాత్రమే నడిపింపుడు, మధ్య మధ్య నీళ్ళు త్రాగింపుడు. శ్రమ చేసిన నాటి నొప్పి మరునాటికి పోవలెను. పోనిచో తగ్గింపుడు. కుంటినచో ఏమి చేయవలెనో ముందే చెప్పియున్నాము.

ఆహారము ప్రత్యేకముగా చెప్పవలసిన విషయము. ఇంకొక తరగతిలో చెప్పుదురు. ఒక్క హెచ్చరిక మాత్రము చేసెదము. బరువు తగ్గవలెనని బిడ్డకు బడిలోని మధ్యాహ్న భోజనము మాన్పింపరాదు. ఎదుగు వయసులో బరువు పెరుగక నిలిచి, ఎత్తు పెరిగినను మేలే. వ్యాయామము ఒక్కదానితోనే కాటా ముల్లు వెంటనే దిగదు కూడ. అయినను కాళ్ళకు బలము, గుండెకు నిబ్బరము, రక్తములో చక్కెరకు అదుపు కలుగుచునే యుండును. కాటాను చూచి "ఇన్ని దినములు నడిచి ఏమి లాభము?" అని మధ్యలో మానిపించిన తల్లిదండ్రులు పెక్కురు గలరు. వారికి నచ్చజెప్పువారు కావలెను.

ఇప్పుడు వెనుక వరుసలోని పెద్దమనిషి ప్రశ్నకు వచ్చెదము. రాజ్యాంగపు 11వ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములు చెప్పబడినవి. అందులో ఆరోగ్యము, పారిశుద్ధ్యము ఉన్నవి. ప్రాథమిక, మాధ్యమిక పాఠశాలలున్నవి. స్త్రీ శిశు సంక్షేమమున్నది. గ్రామాభివృద్ధి ప్రణాళికకు నిర్ణయించిన తొమ్మిది లక్ష్యములలో ఆరోగ్య గ్రామము ఒకటి, బాలలకు అనువైన గ్రామము ఒకటి. చట్టపు మాట అటుంచుడు. ఆ బిడ్డను ఇంటి గుమ్మము దాటనీయకుండ చేయుచున్నవేమి? వీధి కుక్కలు, వెలగని దీపము, ముండ్ల కంపలతో మూసుకొనిపోయిన కట్ట, సాయంకాలము తాళము వేసియుండు బడి గేటు. వీనిలో డాక్టరు తీర్చగలిగినది ఒక్కటియు లేదు. అన్నియు మీ చేతిలోనివే.

మా అభిప్రాయము ఒకటి నిర్మొగమాటముగా చెప్పెదము. కొన్ని గ్రామములలో ఉద్యానములలో ఇనుప వ్యాయామ పరికరములు పాతించిరి. మంచిదే. కాని అవి పెద్దల కొలతకు చేసినవి. పిల్లల కాళ్ళు వానికి అందవు, అందినను కీళ్ళకు సరిపడవు. మొదట మట్టి బాట, నీడ, బల్ల, దీపము, త్రాగునీరు, ఇనుము తరువాత. బాటకు ప్రారంభోత్సవపు రాయి వేయుటకు చోటు తక్కువేయని మేమెరుగుదుము.

బడి గేటు తాళము ఎవరి వద్ద నుండవలెనో, సాయంకాలము ఏ వేళ నుండి ఏ వేళ వరకు తెరచియుంచవలెనో ప్రధానోపాధ్యాయునితో కూర్చుండి వ్రాతపూర్వకముగా నిర్ణయింపుడు. ఆ వేళలో కొంత భాగము ఆడపిల్లలకే ప్రత్యేకింపుడు; వయసు వచ్చిన ఆడపిల్ల లావుగా నున్నచో పదిమంది యువకులు చూచుచుండగా ఆ బాటపై నడువదు. మహిళా సంఘమువారు ఇద్దరు అక్కడ కూర్చున్నను చాలును.

పిల్లలను గుర్తించుట ఏ.ఎన్.ఎం., ఆశా కార్యకర్తల సాయముతో జరుగవలెను. కిలోలలో బరువును, మీటర్లలో ఎత్తును ఎత్తుతో గుణింపగా వచ్చిన సంఖ్యచే భాగించి, వయసును బట్టి పట్టికలో చూతురు. మన బాలునికి ఆ లెక్క 27 దాటినది. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద వైద్య బృందము పాఠశాలలను దర్శింపవలసియున్నది. వారు వచ్చిన దినమున ఈ పిల్లల కాళ్ళను, నడకను కూడ చూడుమని అడుగుట మీ హక్కు. అయితే బరువు తూచుట గదిలో, ఒక్కొక్కరినే పిలిచి చేయవలెను. అందరి యెదుట తూచి బిగ్గరగా చదువరాదు. వారిని వేరు వరుసగా నిలుపరాదు. లావుపాటి బిడ్డకు పల్లెలో పెట్టు పేర్లు మనమెరుగనివి కావు. మనమే పెట్టి పిలిచితిమి. గుమ్మటము, బస్తా, బొండాము అని పిలువబడిన బిడ్డ మైదానమునకు రాడు. గోడ చాటున కూర్చుండి ఇంకొక పొట్లము విప్పును. వ్యాయామము ఆ బిడ్డ ఒక్కనికే గాక తరగతి అంతటికిని పెట్టి, వానికి తగినట్లు మార్చుట ఉత్తమ మార్గము. నేస్తుడొకడు తోడు నడచినచో మైదానము మూడు చుట్లు శ్రమయని తోచదు.

ఆ బాలుని సంగతి చెప్పక ముగించుట న్యాయము కాదు. వైద్యుడు అనుమతించిన తరువాత కొన్ని నెలలు ఊతకర్రలతో తిరిగెను. ఇప్పుడు మానుగా నడచుచున్నాడు. కుడికాలు కొంచెము పొట్టిగా నున్నది. ఎడమ తుంటిని కనిపెట్టియుండుటకు ఆసుపత్రికి పోయి వచ్చుచున్నాడు. డ్రిల్లు మాస్టరుగారు తమ సైకిలు సీటును వానికి తగినట్లు తామే సరిచేసియిచ్చిరి. మేము కడపటిసారి పోయినప్పుడు వాడు చెరువు కట్ట మీద నాలుగవ సున్నపు రాయి వద్ద బల్లపై కూర్చుండి నీళ్ళు త్రాగుచుండెను. మమ్ము చూచి, "అయిదో రాయిదాకా వెళ్తా సార్, కాసేపు ఆగి" అనెను.

మీరు ప్రశ్నలు అడుగవచ్చును. ముందు వరుసలోని సభ్యురాలు చేయి ఎత్తి చాలసేపైనది. మొదట వారి మాట వినెదము.